ఇంటికి ఎవరైనా వస్తే మీ కుక్క మీద పడిపోతోందా? తరచుగా అడిగే ప్రశ్నలు

మా బంటి లాబ్రడార్. ఏడాదిన్నర వయసులో, 30 కిలోల బరువుతో, సంక్రాంతికి ఊరి నుంచి వచ్చిన మా పెద్దమ్మ మీదకు ఒక్క గెంతు గెంతాడు. ఆమె చేతిలోని అరిసెల డబ్బా గుమ్మం ముందు పడి మూత ఊడిపోయింది. గోడ పట్టుకుని నిలదొక్కుకుంది గానీ మోచెయ్యి గీరుకుపోయింది. బంటికి ఆమె అంటే ప్రాణం, అందుకే అంత గెంతు. ఆ రోజు నుంచి ఈ ఒక్క విషయం మీద పట్టుబట్టి పని చేశాను. ఇప్పుడు మా కాలనీలో కుక్కలు పెంచుకునేవాళ్లు ఎదురుపడితే ఇవే సందేహాలు అడుగుతుంటారు. ప్రతిసారీ రోడ్డు మీద నిలబడి చెప్పేకంటే ఒకచోట రాసి పెడితే నయమనిపించింది. మీకు కావాల్సిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లి చదువుకోవచ్చు.

## ముందు కారణం తెలుసుకోవాలంటే

బెల్ మోగగానే మా కుక్క పిచ్చెక్కినట్టు పరిగెడుతుంది. అసలు ఎందుకలా?

బెల్ మోగిన ప్రతిసారీ తలుపు తెరుచుకుంటుంది, కొత్త వాసనలతో ఎవరో లోపలికి వస్తారు, ఇల్లంతా సందడి అవుతుంది. వందసార్లు ఇలా జరిగాక మనిషి కనబడక ముందే, ఆ మోతకే కుక్క ఒళ్లు ఉరకలేస్తుంది. రష్యా శాస్త్రవేత్త పావ్లోవ్ వందేళ్ల కిందటే కుక్కలతో చూపించింది ఇదే. తిండికి ముందు ప్రతిసారీ ఒక శబ్దం వినిపిస్తూ పోతే, కొన్నాళ్లకు తిండి పెట్టకపోయినా ఆ శబ్దానికే లాలాజలం ఊరుతుంది.

పైగా మన హడావుడి ఒకటి. బెల్ మోగగానే ఒకరు నైటీ మీద చున్నీ వేసుకుంటారు, ఒకరు సోఫా మీది బట్టలు లోపల పడేస్తారు, ఇంకొకరు "ఎవరో వచ్చారు చూడు" అని కేకేస్తారు. కుక్క ఇదంతా చూస్తుంది. ఏదో పెద్ద సంగతి జరుగుతోందని దానికి మనమే చెబుతున్నాం. బెల్‌ను తీసేయలేం కాబట్టి ఆ మోతకు ఉన్న అర్థాన్నే మార్చాలి. బెల్ మోగితే తలుపు దగ్గరికి కాదు, తన బొంత మీదికి వెళ్లాలని దానికి అలవాటు కావాలి.

వచ్చినవాళ్ల మొహం దాకా ఎగురుతుంది, నాకాలని చూస్తుంది. ఎందుకు?

తోడేళ్లలో వేట నుంచి తిరిగొచ్చిన పెద్దల మూతుల్ని పిల్లలు నాకుతాయి. అప్పుడు పెద్దవి మింగి తెచ్చిన మాంసాన్ని కక్కి పిల్లలకు పెడతాయి. మన కుక్కల్లో ఆ తిండి అవసరం పోయింది, పలకరింపు మిగిలింది. మన మొహం అయిదడుగుల ఎత్తులో ఉంది కాబట్టి ఎగరడం తప్ప దానికి వేరే దారి లేదు. రెండు నెలల పిల్లగా ఉన్నప్పుడు కాళ్ల మీదకు ఎక్కితే ఎత్తుకుని ముద్దు పెట్టుకున్నాం. అదే పని ఏడాది తర్వాత చేస్తే కసురుతున్నాం. మధ్యలో రూలు మారిందని దానికి ఎవరూ చెప్పలేదు.

ఇది సంతోషమా, భయమా, కోపమా? ఎలా గుర్తుపట్టాలి?

తోక ఊపినంత మాత్రాన సంతోషం అనుకోవద్దు. ఒళ్లంతా చూడండి. సంతోషంగా ఉన్న కుక్క వదులుగా ఉంటుంది. నడుము కూడా తోకతోపాటు ఊగుతుంది, నోరు కొంచెం తెరిచి ఉంటుంది, అటూ ఇటూ గెంతుతుంది. భయపడే కుక్క చెవులు వెనక్కి పెడుతుంది, తోక కాళ్ల మధ్యకు లాక్కుంటుంది, తిండి ఏమీ లేకుండానే పెదాలు నాక్కుంటుంది, నిద్ర రాకపోయినా ఆవులిస్తుంది, ముందుకొచ్చి మొరిగి మళ్లీ వెనక్కి వెళ్తుంది. కరిచే ఉద్దేశం ఉన్న కుక్క బిగుసుకుపోతుంది. కదలదు, కళ్లు ఆర్పకుండా చూస్తుంది, తోక నిటారుగా పెట్టి గట్టిగా, చిన్నగా ఆడిస్తుంది.

ఈ పేజీలోని పద్ధతులు ఎక్కువగా సంతోషం పట్టలేని కుక్కలకు. బిగుసుకుపోయే కుక్క మీదైతే తలుపు దగ్గర ఇంట్లో ప్రయోగాలు చేయకండి, దాన్ని వేరే గదిలో ఉంచి పశువుల డాక్టర్‌కు చూపించండి.

తిడుతున్నాం, చేతులతో నెడుతున్నాం. అయినా మానట్లేదు. ఎందుకు?

కుక్కకు కావాల్సింది మన చూపు, మన చెయ్యి, మన గొంతు. తిట్టేటప్పుడు ఆ మూడూ దొరుకుతున్నాయి. "డౌన్, డౌన్" అని అరుస్తూ రెండు చేతులతో నెడితే దానికి ఆటలాగే ఉంటుంది, కుక్కలు తమలో తాము ఆడుకునేదీ అలాగే. కొందరు మోకాలితో ఛాతీ మీద పొడవమంటారు, వెనక కాలు తొక్కమంటారు. దెబ్బ తగిలితే కుక్క నేర్చుకునేది ఎగరకూడదని కాదు, చుట్టాలు వస్తే నొప్పి పుడుతుందని. అలా తయారైన కుక్కలు కొన్నాళ్లకు వచ్చినవాళ్లను చూసి గుర్రుమంటాయి. ఈ విషయంలో నాది గట్టి మాట: కొట్టడం వద్దు.

మామూలు రోజుల్లో మేమే దాన్ని మీదకు ఎక్కించుకుంటాం. చుట్టాలు వచ్చినప్పుడు మాత్రం వద్దంటాం. అలా నేర్చుకోదా?

చాలా కష్టం. పదిసార్లలో రెండుసార్లు ఫలితం దక్కే పనిని జంతువు అంత తేలిగ్గా వదలదు. అప్పుడప్పుడూ మాత్రమే దక్కే బహుమతికే అలవాటు బాగా గట్టిపడుతుందని అమెరికా శాస్త్రవేత్త స్కిన్నర్ ప్రయోగాలు తేల్చాయి. సాయంత్రం నాన్న ఆఫీసు నుంచి రాగానే మీద పడనిచ్చి, ఆదివారం మావయ్య వస్తే తిడితే కుక్క అయోమయంలో పడుతుంది. ఇంట్లో అందరిదీ ఒకటే మాట కావాలి. మీకు అది మీదకు రావడం అంత ఇష్టమైతే దానికో పిలుపు పెట్టండి. "రా, ఎక్కు" అంటేనే ఎక్కాలి, పిలవకుండా ఎక్కితే ఎవరూ పట్టించుకోకూడదు.

## చుట్టాలు రాకముందు చేసుకునే సాధన

ఎక్కడి నుంచి మొదలుపెట్టాలి?

ఒక పాత బొంతతో. తలుపు కనిపించేలా, కానీ కనీసం ఆరేడు అడుగుల దూరంలో బొంత పరవండి. కుక్క దాని మీద కాలు పెట్టగానే దానికిష్టమైన తిండి ఒక చిన్న ముక్క బొంత మీదే వేయండి. చేత్తో ఇస్తే మీ చేతి వెంట లేచి వస్తుంది, అందుకే కింద వేయమనేది. రోజుకు రెండు మూడుసార్లు, ప్రతిసారీ అయిదు నిమిషాలు చాలు. నాలుగైదు రోజుల్లో అది తనంతట తనే వెళ్లి అక్కడ నిలబడి మీ వైపు చూస్తుంది. అప్పుడు "చోటు" అనో "బెడ్" అనో ఒక మాట పెట్టండి. తర్వాత కూర్చుంటేనే ముక్క, ఆ తర్వాత పడుకుంటేనే ముక్క. అది పడుకున్నాక మీరు రెండడుగులు దూరం జరిగి వెనక్కి రండి, ఇంకా పడుకునే ఉంటే ముక్క వేయండి. తలుపు దాకా నడిచి, గడియ తీసి, వేసి వచ్చేదాకా అది కదలకుండా ఉంటే సగం పని అయినట్టే.

బెల్‌తో సాధన ఎలా చేయాలి?

మా అబ్బాయిని బయట నిలబెట్టి చేశాం. వాడు బెల్ కొడతాడు, నేను ఏమీ అనకుండా బొంత దగ్గరికి నడిచి ఉడికించిన చికెన్ ముక్క, శనగగింజంత, దాని మీద వేస్తాను. తలుపు తీయను. మొదటిరోజు బంటి తలుపు దగ్గరే నిలబడి అరిచాడు. ఏడోసారికి అరుపు ఆపి వెనక్కి తిరిగి చూశాడు. పన్నెండోసారికి నాకంటే ముందు బొంత చేరాడు. అప్పుడు వాడు తోక ఊపుతూ, కళ్లు పెద్దవి చేసుకుని నా చేతినే చూడటం నాకిప్పటికీ కళ్ల ముందే ఉంది. మర్నాడు మళ్లీ మొదటికొచ్చినట్టే అనిపించింది, కానీ ఈసారి నాలుగోసారికే అందుకున్నాడు.

బెల్ మోతకే మీ కుక్క తట్టుకోలేకపోతే ఆ మోతను ఫోన్‌లో రికార్డు చేసి, చాలా తక్కువ సౌండ్‌తో మొదలుపెట్టండి. రెండు మూడు రోజులకోసారి కొంచెం కొంచెం పెంచండి.

మేం శాకాహారులం. చికెన్ లేకుండా ఏం పెట్టొచ్చు?

పనీర్ చిన్న ముక్కలు, ఉప్పు వేయకుండా ఉడికించిన శనగలు, క్యారెట్, గింజలు తీసిన ఆపిల్ ముక్కలు. మామూలుగా తినే పెడిగ్రీ గింజలే అయినా ఆకలి మీదున్నప్పుడు పనికొస్తాయి. ఆ పూట భోజనంలోంచి ఆ మేరకు తగ్గించండి, లేకపోతే నెల తిరిగేసరికి కుక్క లావెక్కుతుంది. ఉల్లి, వెల్లుల్లి, ద్రాక్ష, కిస్‌మిస్, చాక్లెట్ మాత్రం పొరపాటున కూడా వద్దు. ఇవి కుక్కలకు విషం.

ఎన్నాళ్లకు దారికొస్తుంది?

రోజూ చేస్తే ఇంట్లోవాళ్లతో రెండు మూడు వారాల్లో తేడా కనిపిస్తుంది. నిజమైన చుట్టాలతో కొన్ని నెలలు పట్టవచ్చు. ఆరు నెలల నుంచి ఏడాదిన్నర వరకు కుక్కలకు కుర్రతనం, ఆ వయసులో నేర్చుకున్నది కూడా మర్చిపోయినట్టు ప్రవర్తిస్తాయి. అప్పుడు విసుగొచ్చి మానేయకండి.

మధ్యలో ఒక దశ వస్తుంది. ఎగిరినప్పుడు పట్టించుకోవడం మానేయగానే కొన్ని రోజులు ఇంకా ఎక్కువ ఎగురుతుంది, ఇంకా గట్టిగా మొరుగుతుంది. ఇన్నాళ్లూ పనిచేసిన పద్ధతి పనిచేయట్లేదని దాని ఆత్రం. సరిగ్గా ఆ సమయంలోనే చాలామంది "ఇది మనవల్ల కాదు" అని దగ్గరకు తీసుకుంటారు. అంటే ఇంకా గట్టిగా ఎగిరితే పని అవుతుందని నేర్పినట్టు. ఆ నాలుగు రోజులూ ఓపిక పట్టండి.

మా కుక్కకు తొమ్మిదేళ్లు. ఇప్పుడు నేర్చుకుంటుందా?

నేర్చుకుంటుంది. పాత అలవాటు కాబట్టి రోజులు ఎక్కువ పడతాయి, అంతే. పైగా పెద్ద వయసు కుక్కకు కుదురు ఎక్కువ. అయితే ఇన్నేళ్లూ నెమ్మదిగా ఉన్న కుక్క ఈ మధ్యే కొత్తగా చిరాకు పడుతుంటే కీళ్ల నొప్పో, చూపు తగ్గడమో, వినికిడి పోవడమో ఉండొచ్చు. ముందు డాక్టర్‌కు చూపించండి.

వాకింగ్ బాగా తిప్పితే చాలదా?

తిప్పాలి, కానీ అదొక్కటే చాలదు. రోజూ అయిదు కిలోమీటర్లు పరిగెత్తించిన కుక్క ఇంకా దమ్మున్న కుక్క అవుతుంది. నడిపించేటప్పుడు వాసనలు చూడనివ్వండి, తొందరపెట్టి లాక్కెళ్లకండి. ముక్కుతో పనిచేస్తే కుక్క బుర్ర అలసిపోతుంది. చుట్టాలు వచ్చే గంట ముందు అలా ఒక అరగంట తిప్పితే తలుపు దగ్గర సగం జోరు తగ్గి ఉంటుంది. ఎండాకాలంలో తెల్లవారుజామునే, లేదా నేల చల్లబడ్డాక తిప్పండి. తారురోడ్డు మీద మీ అరచేతి వెనకవైపు అయిదు సెకన్లు ఆనించలేకపోతే దాని కాళ్లూ కాలతాయి.

## తలుపు దగ్గర

వచ్చేవాళ్లకు ముందుగా ఏం చెప్పాలి?

ఫోన్‌లో మూడు ముక్కలు చాలు: "లోపలికి రాగానే మా కుక్క వైపు చూడకండి, పలకరించకండి, చెయ్యి చాపకండి. అది కూర్చున్నాక నేను చెబుతాను." చాలామంది సరేనంటారు. కష్టమల్లా కుక్కలంటే బాగా ఇష్టమున్నవాళ్లతోనే. "అయ్యో, నాకేం ఫర్వాలేదండీ, ఎగరనివ్వండి" అంటారు. నవ్వుతూనే, "మీకు ఫర్వాలేదు గానీ రేపు మా అమ్మమ్మ వస్తుందండీ" అని చెప్పండి. అర్థం చేసుకుంటారు.

మనిషి లోపలికి వచ్చే ఆ నిమిషంలో సరిగ్గా ఏం చేయాలి?

తలుపు తీయకముందే లీష్ (కుక్కను పట్టుకునే తాడు) తగిలించండి. లాగి పట్టుకోవద్దు, లాగితే కుక్క ఇంకా ముందుకు తోస్తుంది. వదులుగా ఉంచి, కొసను మీ కాలి కింద పెట్టండి. అది నిలబడటానికి, కూర్చోవడానికి సరిపోయేంత పొడవు, ఎగరడానికి సరిపోనంత పొడవు ఉండాలి. మనిషి లోపలికి వచ్చి నాలుగడుగుల దూరంలో ఆగాలి. నాలుగు కాళ్లూ నేల మీద ఉన్నంతసేపూ ముక్కలు నేల మీద వేస్తూ ఉండండి. ముక్కలు కింద ఉన్నాయి కాబట్టి చూపూ కిందకే పోతుంది. కొంచెం కుదుటపడ్డాక వచ్చినవాళ్లు ఒంగి, గడ్డం కింద గానీ ఛాతీ మీద గానీ మూడు సెకన్లు నిమిరి చెయ్యి తీసేయాలి. తల మీద తట్టడం చాలా కుక్కలకు నచ్చదు. నిమిరేటప్పుడు ఎగిరితే చెయ్యి తీసేసి అటు తిరిగి నిలబడాలి, దిగితే మళ్లీ నిమరాలి.

మొదటి రెండు నిమిషాలు గడిస్తే ఆ తర్వాత పెద్ద ఇబ్బంది ఉండదు.

చుట్టాలు వచ్చినప్పుడు వేరే గదిలో పెట్టేయడం తప్పా?

ఏమాత్రం తప్పు కాదు. శిక్షలాగా ఈడ్చుకెళ్లి పడేస్తేనే తప్పు. బెల్ మోగకముందే ఫ్యాన్ వేసి, నీళ్లు పెట్టి, నమలడానికి ఏదైనా ఇచ్చి గదిలో ఉంచండి. చుట్టాలు లేని రోజుల్లో కూడా అప్పుడప్పుడూ అలా ఉంచితే ఆ గది దానికి మంచి చోటు అవుతుంది. ఇంట్లో ఇరవైమంది దిగే పండగ రోజున శిక్షణ అసలు పెట్టుకోకండి. ఆ రోజు గదిలో ఉంచడమే అందరికీ మంచిది.

డెలివరీ అబ్బాయిలు వచ్చినప్పుడు తలుపు మీద పడి అరుస్తుంది. ఏం చేయాలి?

ఆ అబ్బాయి పార్సిల్ ఇచ్చి ఎలాగూ వెళ్లిపోతాడు. కుక్క మాత్రం తను అరిచింది కాబట్టే వెళ్లిపోయాడని అనుకుంటుంది. రోజుకు మూడుసార్లు గెలుస్తుంటే ఎందుకు మానుతుంది? సాధ్యమైనంతవరకు పార్సిల్ బయట పెట్టి వెళ్లమని ఆర్డర్‌లోనే రాయండి. తీసుకోవాల్సి వస్తే ముందు కుక్కను లోపల ఉంచి, మెష్ డోర్ వేసి, తర్వాతే మెయిన్ డోర్ తీయండి. కుక్కను చూసి మెట్ల మీద పరిగెత్తి పడితే ఆ అబ్బాయికి ఆ రోజు కూలీ పోతుంది, కాలు విరిగితే నెల జీతమే పోతుంది. ఆ బాధ్యత మనదే.

పనమ్మాయి సంగతి వేరు, ఆమె రోజూ వస్తుంది. ఆమె చేత్తోనే నాలుగు రోజులు ముక్కలు వేయించండి. ఆమెకు భయమైతే బలవంతం చేయకండి, ఆమె పని చేసే గదిలోకి కుక్కను రానివ్వకండి.

ఎవరైనా పలకరించగానే ఉచ్చ పోసేస్తుంది. మొండితనమా?

కాదు. కుక్కపిల్లల్లో, మెతక స్వభావం ఉన్న కుక్కల్లో ఉద్రేకం వల్లో, "నువ్వే పెద్ద" అని ఒదిగిపోవడం వల్లో ఇలా జరుగుతుంది. దాని ఆధీనంలో ఉండదు. తిడితే ఎక్కువవుతుంది. పలకరింపు గుమ్మంలో వద్దు, బయటికి తీసుకెళ్లి పలకరించమనండి. దాని మీదకు ఒంగకుండా పక్కకు తిరిగి కూర్చోమనండి. కుక్కపిల్లలకైతే చాలామటుకు ఏడాది లోపే పోతుంది. పెద్ద కుక్కకు కొత్తగా మొదలైతే మూత్రం పరీక్ష చేయించండి.

## చుట్టాలు కూర్చున్నాక, పండగ పూట

వచ్చినవాళ్లు భయపడుతున్నారు. "ఏమీ చేయదండీ" అంటే నమ్మరు. ఎలా నచ్చజెప్పాలి?

నచ్చజెప్పొద్దు. ఆ మాట నేనూ ఏళ్ల తరబడి అన్నాను, ఇప్పుడు తలుచుకుంటే బాధేస్తుంది. చిన్నప్పుడు కుక్క కరిచి బొడ్డు చుట్టూ ఇంజెక్షన్లు వేయించుకున్నవాళ్లు మన ఊళ్లలో ఎందరో ఉన్నారు. ఆ తరం వాళ్లకు కుక్క గోరు తగిలినా వణుకే. మన ఇంటికి వచ్చిన మనిషి కాళ్లు సోఫా మీదకు ఎత్తుకుని కూర్చుంటే, మనం ఇచ్చిన కాఫీ ఆయన గొంతు దిగుతుందా? కుక్కను లోపలికి తీసుకెళ్లండి, తలుపు మూసిన చప్పుడు ఆయనకు వినపడాలి. ఆయన అడిగితేనే మళ్లీ తీసుకురండి, అదీ లీష్‌తో.

ఇంటికి చిన్నపిల్లలు, ముసలివాళ్లు వస్తే?

మూడేళ్ల పిల్ల మొహం, లాబ్రడార్ తల దాదాపు ఒకే ఎత్తులో ఉంటాయి. పిల్లలు కేకలేస్తారు, పరిగెడతారు, పట్టుకుని వాటేసుకుంటారు. కుక్క దృష్టిలో ఇదంతా ఆటకు పిలుపు, లేదంటే బెదిరింపు. పెద్దవాళ్లు పక్కన లేకుండా పిల్లల్నీ కుక్కనీ ఒక్క నిమిషం కూడా వదలొద్దు, ఎంత మంచి కుక్క అయినా సరే. పిల్లలకు ఒకటే నేర్పండి: కుక్క మీదకు వస్తే చెట్టులా నిలబడాలి, చేతులు కట్టుకోవాలి, నేల వైపు చూడాలి. ఆటలా నేర్పితే వెంటనే పట్టేస్తారు.

ముసలివాళ్లకు పడటమే పెద్ద ప్రమాదం. తుంటి ఎముక విరిగితే నెలల తరబడి మంచమే. రక్తం పలచబడే మందులు వేసుకునేవాళ్లకు చిన్న గోటిగాటు కూడా పెద్ద నల్లమచ్చ అవుతుంది. మా పెద్దమ్మ వచ్చినప్పుడు ఇప్పటికీ ఆమె కుర్చీలో కూర్చుని చీర సర్దుకునేదాకా బంటిని లోపలే ఉంచుతాను. తర్వాత లీష్‌తో తీసుకొస్తే ఆమె పక్కన కూర్చుంటాడు. ఆమె వాడి చెవి నిమురుతూ ఊరి కబుర్లు చెబుతుంది.

వరలక్ష్మీ వ్రతానికి పేరంటాళ్లు వస్తారు, పట్టుచీరలు చిరుగుతాయని టెన్షన్. ఏదైనా ఉపాయం?

ఆ సాయంత్రం కుక్కను తలుపు దగ్గరకే రానివ్వకండి. పూజ దగ్గర కుక్క తిరిగితే మనసులో ఇబ్బంది పడేవాళ్లు ఉంటారు, మర్యాద కొద్దీ బయటకు చెప్పరు. గోళ్లు రెండు రోజుల ముందే తీయించండి, తీసిన వెంటనే అంచులు పదునుగా ఉంటాయి. కుంకుమ, పసుపు, అగరుబత్తీ, వాయనంలో ఇచ్చే తాంబూలం కుక్కకు అందని ఎత్తులో పెట్టండి. నానబెట్టిన శనగలు రెండు గింజలు తింటే ఏమీ కాదు, గిన్నెడు తింటే కడుపు ఉబ్బుతుంది.

వద్దంటున్నా చుట్టాలు స్వీట్లు పెట్టేస్తారు. నిజంగా ప్రమాదమా?

నిజంగానే. లడ్డూలో, పాయసంలో, కేసరిలో కిస్‌మిస్ ఉంటుంది. కుక్కల్లో అది కిడ్నీలను దెబ్బతీయగలదు, ఏ కుక్కకు ఎంత తింటే ప్రమాదమో ముందుగా చెప్పలేం. పకోడీలో, మసాలా గారెలో ఉల్లి ఉంటుంది, అది రక్తకణాలను పాడుచేస్తుంది. తిన్నదని తెలిస్తే వాంతులయ్యేదాకా ఆగకుండా వెంటనే డాక్టర్‌కు ఫోన్ చేయండి. మొహమాటం లేని ఉపాయం ఒకటుంది. దాని గింజలు ఒక చిన్న గిన్నెలో పోసి చుట్టాల చేతికి ఇవ్వండి, "ఇవి పెట్టండి, కూర్చుంటేనే" అనండి. పెట్టే సరదా వాళ్లకు తీరుతుంది, మీ శిక్షణా జరుగుతుంది.

మాది పగ్. ఎవరైనా వస్తే గెంతి గెంతి రొప్పుతుంది, గురక శబ్దం వస్తుంది. మామూలేనా?

మామూలని వదిలేయకండి. పగ్, షిట్జూ, బుల్‌డాగ్ లాంటి చప్పిడి ముక్కు కుక్కలు నోటితో రొప్పి ఒంటి వేడి దింపుకోవడంలో వెనకబడతాయి. మే నెల మధ్యాహ్నం పది నిమిషాల గెంతులే వడదెబ్బకు దారితీయొచ్చు. చిగుళ్లు ఎర్రగా కందినా, నాలుక నీలంగా మారినా, తూలినా వెంటనే చల్లటి నీళ్లతో ఒళ్లంతా తడిపి, ఫ్యాన్ కింద పెట్టి, ఆసుపత్రికి తీసుకెళ్లండి. వేసవిలో ఇలాంటి కుక్క ఉన్న ఇంట్లో పలకరింపులన్నీ కూర్చునే జరగాలి.

## ఇవన్నీ చేసినా తగ్గకపోతే

ట్రైనర్ షాక్ కాలర్ కొనమంటున్నాడు. కొనాలా?

వద్దు. మనిషి కనిపించినప్పుడల్లా మెడకు షాక్ తగిలితే ఆ నొప్పిని కుక్క ఆ మనిషికే ముడిపెడుతుంది. లాగితే మెడ బిగిసే చోక్ చైన్, ముళ్ల కాలర్ సంగతీ అంతే. మంచి ట్రైనర్ మిమ్మల్ని పక్కన నిలబెట్టుకుని నేర్పుతాడు, ఎందుకంటే చుట్టాలు వచ్చినప్పుడు ఇంట్లో ఉండేది మీరు. "నెల రోజులు నా దగ్గర వదిలేయండి, మార్చి ఇస్తాను" అనేవాళ్ల దగ్గర అక్కడ ఏం జరుగుతుందో మీకు కనబడదు. లాగే కుక్కకు ఛాతీ ముందు కొక్కెం ఉన్న హార్నెస్ (ఒంటి చుట్టూ వేసే పట్టీ) కొనండి, మెడ మీద భారం పడదు.

ఇంట్లో పెద్దలు గేటు దగ్గర కట్టేయమంటున్నారు. అదే మేలా?

రోజంతా గేటు దగ్గర కట్టేసిన కుక్క వచ్చేపోయే ప్రతి మనిషినీ చూస్తుంది, ఎవరి దగ్గరకూ పోలేదు. ఆ ఉక్రోషం పేరుకుని మొరుగుడు పెరుగుతుంది, సరదాగా ఎగిరే కుక్క కరిచే కుక్క అవుతుంది. 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం ప్రకారం మరీ పొట్టి గొలుసుతో అదేపనిగా కట్టేయడం నేరం. ఎప్పుడూ కట్టేసి ఉంచే కుక్కను తగినంత తిప్పకపోవడం కూడా ఆ చట్టంలో నేరమే. పెద్దవాళ్లకు చట్టం చెబితే కోపం రావచ్చు. వారం రోజులు బొంత సాధన చేసి చూపించండి, వాళ్లే ఒప్పుకుంటారు.

ఆపరేషన్ చేయిస్తే నెమ్మదిస్తుందా?

పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్‌కు వేరే మంచి కారణాలు ఉన్నాయి. మగకుక్క ఇల్లంతా ఉచ్చతో గుర్తులు పెట్టడం, బయటకు పారిపోవడం తగ్గొచ్చు. చుట్టాల మీద ఎగరడం నేర్చుకున్న అలవాటు, అది ఆపరేషన్‌తో పోదు.

ఆత్రంలో గోరు గీరుకుంది, పన్ను తగిలింది. కరవలేదు కదా, వదిలేయొచ్చా?

వదిలేయొద్దు. వచ్చినవాళ్లు మొహమాటంతో "ఏం కాలేదులెండి" అంటారు, మీరే పట్టుబట్టాలి. గాయాన్ని ధారగా పడే నీళ్ల కింద సబ్బుతో 15 నిమిషాలు కడగండి. పసుపు, కాఫీపొడి, సున్నం, కారం ఏదీ పెట్టకండి. అదే రోజు డాక్టర్‌కు చూపించండి. మీ కుక్కకు టీకాలు వేయించారని ముందే చెప్పండి, కానీ రేబిస్ టీకా కావాలా వద్దా అన్నది డాక్టరే తేల్చాలి. రేబిస్ లక్షణాలు కనబడ్డాక దాదాపు ఎవరూ బతకరు, అవి రాకముందే గాయం కడిగి, డాక్టర్ చెప్పిన ఇంజెక్షన్లన్నీ వేయించుకోవడమే కాపాడుతుంది. బొడ్డు చుట్టూ పొడిచే రోజులు పోయాయి, ఇప్పుడు చేతికే వేస్తారు, ప్రభుత్వాసుపత్రుల్లో ఉచితం. ఖర్చు ఏమైనా అయితే మీరే పెట్టుకోండి, తోడు వెళ్లండి. ఆ తర్వాత పది రోజులు మీ కుక్క ఆరోగ్యంగా ఉందో లేదో గమనించి వాళ్లకు ఫోన్ చేసి చెబుతూ ఉండండి.

పెంపుడు జంతువు వల్ల మనుషులకు ప్రమాదం కలగకుండా చూసుకోకపోతే భారతీయ న్యాయ సంహితలోని 291వ సెక్షన్ కింద ఆరు నెలల వరకు జైలు, 5,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడొచ్చు. కుక్కపిల్లకు మూడు నెలలకు మొదటి రేబిస్ టీకా, ఆ తర్వాత డాక్టర్ చెప్పిన ప్రకారం ఏటా బూస్టర్ వేయించండి. ఆ టీకా పుస్తకంలోని తేదీల పేజీని ఇవాళే ఫోటో తీసి ఇంట్లో అందరి ఫోన్లలో ఉంచండి. ఆసుపత్రిలో డాక్టర్ అడిగే మొదటి ప్రశ్నల్లో అదొకటి.